సింహళం దొంగను ఒప్పగించిన అంకారావు

"తలారి పనికి ఎవణ్ణి వేయాలో ఇవాళే తేలుస్తారట గదా మునసబు గారూ! తేల్చండి. నా గొప్పలు నేను చెప్పుకునే రకం కాదు. ఏదో రంజాన్ కొట్లో టీ తాగుతున్నాం గనక, అయిదేళ్ల కిందటి మాటొకటి మనవి చేసుకుంటా."

"చెప్పవయ్యా అంకారావూ," అన్నాడు కొత్త మునసబు.

"కొలంబోలో ముత్యాలు కొట్టేసినవాడొకడు వచ్చి మన పర్చూరు మిరప కల్లాల్లో కూలివాడల్లే దాక్కున్నాడండి. సింహళం సర్కారు వాణ్ణి విచారించాలి, మాకు పంపండని రాసింది. అప్పటి మునసబు గారు, పాపం పోయారు, 'ఒరేయ్ అంకారావూ, వీణ్ణి ఒంగోలు స్టేషన్లో ఒప్పగించి రారా' అన్నారు. వాడు కాయల కుప్పలో దూరితే ఈడ్చి, మోకుతో కట్టి బయల్దేరా. అంతవరకు ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేంటి?" గ్లాసులు కడుగుతూ అడిగాడు రంజాన్.

"ఇనస్పెక్టరు నా చేతులు పట్టుకుని, 'వీణ్ణి ఆపడం మా వల్ల కాదు, కొలంబో దాకా నువ్వే తీసుకెళ్లాలి' అన్నాడు. కొత్తపట్నంలో పడవెక్కాం. నడిసముద్రంలో మునిగింది. దొంగను వీపున వేసుకుని, మోకు పళ్లతో కరిచిపట్టి మూడ్రోజులు ఈదా."

"మరి ఊపిరెట్టా తీశావురా?" అన్నాడు పక్కనున్న గురవయ్య.

"ముక్కు దేనికుందిరా! నాలుగో రోజు తాటిచెట్టంత సొరచేప నోరు తెరిచింది. రొంటిన కారం పొట్లం ఉంది గదా, దాని కళ్లల్లో కొట్టా."

"తడవలేదా?"

"పర్చూరు కారం తడిస్తే ఇంకా మండుద్ది. అది ఏడ్చిన ఏడుపుకి సముద్రం పొంగి మమ్మల్ని కొలంబో ఒడ్డున దించింది. జడ్జీ లేచి నిలబడి, 'మా పోలీసులందరికీ పెద్దగా ఉండిపో' అన్నాడు. మా ఊళ్లో తలారి పని ఖాళీ అయితే ఎవడు చూస్తాడండీ అని వచ్చేశా!"

మునసబును ఒంగోలు నుంచి తీసుకొచ్చిన జట్కా ఆదాం బల్ల చివర్నించి దగ్గాడు.

"అయ్యా, ఆ రోజు నా జట్కా స్టేషన్ ముందే ఉందండి. ఈయన మిరపకాయలంటిన చేత్తోనే కళ్లు నులుపుకున్నాడట. దారి కనపడక వలవలా ఏడుస్తుంటే, ఆ దొంగే మోకు విప్పుకుని ఈయన నడుముకు కట్టి, జాగ్రత్తగా నడిపించుకొచ్చాడు. మోకు పట్టుకున్నవాడు తలారి, ఏడ్చేవాడు దొంగ అనుకుని ఈయన్ని లోపలేశారు. ఈయన మూడ్రోజులు లోపలే ఉన్నాడు. ఖైదీని ఒప్పగించినట్టు రసీదు పుచ్చుకుని, ఆ దొంగ ఆ రోజే నా జట్కాలో రైలుకెళ్లాడు. దారిలో ఇదంతా చెప్పింది వాడేనండి."

అంకారావు మొహం మాడిపోయింది. "కళ్లు మండితే ఎవడికైనా అంతే గదండీ," అన్నాడు సన్నగా.

మునసబు టీ ఆఖరి గుక్క తాగి గ్లాసు పెట్టాడు.

"మనిషికి దెబ్బ తగలకుండా ఒంగోలు దాకా తెచ్చి, ఒప్పజెప్పి, రసీదు కూడా పుచ్చుకున్నాడూ! తలారి పని వాడికిద్దామంటే, ఏ దేశంలో ఉన్నాడో ఏమో."