వెనక మూత లేని హెడ్‌ఫోన్స్

రికార్డింగ్ గదిలో బల్ల మీద రెండు జతల హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. రెండూ ఖరీదైనవే. చెవుల మీద ఆనే గిన్నెలకు వెనక మూత బదులు జల్లెడలాంటి జాలీ ఉంది. సౌండ్ ఇంజనీరు వాటిని చూశాడు గాని, తెచ్చిన బావమరిది ముఖం చూడలేదు.

"ఏది బాగుందో చెప్తే వెళ్ళిపోతా బావా. అక్క ఆఖరి పాటే పెట్టాను."

"ఆ పాటే దొరికిందా నీకు?"

"నువ్వు రికార్డు చేసిందేగా. విను."

"మొదటిది బాలేదు. గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంది."

"రెండోది?"

"ఇది నయం. గిటారు తీగ మీద వేలు జారడం కూడా తెలుస్తోంది."

"పల్లవికి ముందు ఏముంది?"

"ఏముంటుంది? ఏమీ లేదు."

"తనే పట్టుబట్టి పాడి గొంతు పోగొట్టుకుందని అందరికీ చెప్పుకొచ్చావు. ఇవాళ అక్క మంచినీళ్ళు కావాలన్నా సైగ చేస్తోంది."

"ఏమీ లేదన్నానుగా."

"మరి అక్కడికే మళ్ళీ మళ్ళీ వెనక్కి జరిపి సౌండ్ ఎందుకు పెంచావు?"

"నా పని నాకు నేర్పకు."

"నేర్పను. మూసిన హెడ్‌ఫోన్స్‌కి అలవాటుపడ్డావు, అంతే. వీటికి వెనక మూత లేదు బావా. 'గొంతు మండుతోంది, ఇక నావల్ల కాదు' అని అక్క అనడం, 'నాటకాలాపి పాడు' అని నువ్వనడం ఇక్కడిదాకా వినపడ్డాయి."

ఇంజనీరు వాటిని తలమీంచి లాగి బల్ల మీద పడేశాడు. అక్కణ్ణించి పాట సన్నగా గదిలోకి వచ్చింది. ఆపడానికి అతని చెయ్యి లేవలేదు.