దొరగారి నిట్టూర్పు

హలో, అందరికీ నమస్కారమండీ. వినబడుతోందా? ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు కాస్త దగ్గరికి జరగండి. లేనివాళ్లూ రండి, నవ్వుకోవచ్చు. కుక్కల ఆస్పత్రిలో ఒక టైలరు, ఆయన భార్య. తూకం మీద వాళ్ల కుక్క, పేరు దొర. ఎదురుగా డాక్టరమ్మ. ఇక వాళ్ల మాటలే వినండి.

“మళ్లీ పెరిగాడు.”

“అబ్బే, డాక్టరమ్మా, మీ తూకం...”

“నా తూకం మీద పడకండి టైలర్ గారూ. పోయినసారి ఏం చెప్పాను?”

“తగ్గకపోతే నెల్లాళ్లు వీణ్ణి ఇక్కడే ఉంచేసుకుంటానన్నారు. అంత పని చెయ్యకండమ్మా! వీడు మిషను కింద పడుకోకపోతే నాకు కుట్టు సాగదు.”

“పెరిగినట్టు తెలియలేదా? మెడపట్టీ బిగుసుకోలేదూ?”

“ఎలా బిగుసుకుంటుందండీ? బిగిసినప్పుడల్లా ఈయన విప్పి కుట్టారు.”

“నువ్వూరుకోవే. ఎదిగే బిడ్డకి మార్జిన్ వదలడం మా వృత్తి ధర్మం.”

“ఎదిగే బిడ్డా? వాడికి ఏడేళ్లు! సరే, ప్యాకెట్టులో వచ్చే కుక్క గింజలు ఉత్తవి ముట్టడంటే, పైన రుచికి కాస్త ఏదైనా వెయ్యమన్నాను. ఏం వేస్తున్నారు?”

“ఉడకబెట్టిన చికెన్. ఉప్పు లేదు, ఎముక లేదు. ఒక్కటంటే ఒక్క చెంచా. ఒట్టు!”

“ఉల్లి, వెల్లుల్లి?”

“వాసన కూడా తగలనివ్వనమ్మా. కుక్కకి విషమని మీరు చెప్పాక కత్తి కూడా వేరు పెట్టించాను.”

“ఒక్క చెంచాకి ఇంత పెరగడే! అమ్మా, మీరేం వేస్తున్నారు?”

“నేనా? నేనెందుకు వేస్తానండీ? నాకేం పని? ...మధ్యాహ్నం కాస్త గుమ్మడికాయ.”

“ఆఁ! నాకు చెప్పలేదేం?”

“మీరన్నీ చెబుతున్నారు మరి! గిన్నె వంక చూసి నిట్టూరుస్తాడు డాక్టరమ్మా. పింఛను ఆగిపోయినవాడిలా నిట్టూరుస్తాడు. ఎలా ఊరుకోను?”

“కాస్తంటే ఎంత?”

“గరిటెడు.”

“గరిటెడా!”

“పైన ఒక గుడ్డు.”

“గుడ్డా? ఓసి నీ! పొద్దున్నే నేనూ వేస్తున్నానే గుడ్డు!”

“ఒక్క చెంచా చికెనని ఇప్పుడే ఒట్టేశారుగా!”

“ఒట్టు చికెన్ మీద వేశాను, గుడ్డు మీద కాదు.”

“ఆగండి, ఆగండిద్దరూ! పైన వేసేది రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు. ఇద్దరూ కలిపి పదో వంతు. తలా పదో వంతు కాదు. అది వేసిన మేరకి గింజలు తగ్గించాలి. తగ్గించారా?”

“తగ్గిస్తే... పాపం...”

“పాపమండీ...”

“పాపమా! చొక్కాకి జేబు కుట్టమంటే, జేబుకి చొక్కా కుట్టారు మీరు!”

“నిజమేనమ్మా, తప్పే. కానీ ఉత్తగా పెడితే వీడు మూతి పెట్టడు. గోడకేసి తిరిగి కూర్చుంటాడు. ఇక్కడుంచితే పస్తులుండి పోతాడమ్మా!”

“చూద్దాం. ఇవిగో ఉత్త గింజలు. ఇద్దరూ బయటికి నడవండి.”

“ఒంటరిగానా?”

“నేనూ వస్తున్నా. నడవండి, తలుపు దగ్గరికి వెయ్యండి.”

“ఏమండీ, ఏడుస్తున్నాడా?”

“ష్! ఏదో చప్పుడే.”

“ఏం చప్పుడు?”

“కరకర.”

“కరకరా?”

“జరుగు, సందులోంచి చూడనీ... ఓరి నీ! లాగించేస్తున్నాడే! సగం గిన్నె ఖాళీ!”

“ఉత్తవేనా?”

“ఉత్తవే!”

“నన్నూ చూడనివ్వండి.”

“నెట్టకే, నెట్టకు, తలుపు తెరుచుకుం...”

“తెరుచుకుంది.”

“అయ్యో, మనల్ని చూసేశాడు.”

“ఏం చేస్తున్నాడు?”

“గిన్నె ముక్కుతో పక్కకి తోశాడు... గోడకేసి తిరిగాడు... ఇదిగో, నిట్టూర్చాడు!”

“పాపం, డాక్టరమ్మా, ఒక్క చెంచా...”

“టైలర్ గారూ, వాణ్ణి ఇంటికి పంపించెయ్యండి. నెల్లాళ్లు మీరిద్దరూ ఇక్కడుండండి.”

అదండీ సంగతి. మీ ఎరికలో ఏ ఇంట్లోనైనా ఒక దొర గిన్నె ముందు కూర్చుని నిట్టూరుస్తుంటే, ఆ ఇంటివాళ్లకి ఈ ముక్క పంపండి. గరిటె ఎత్తకముందే చేరాలి సుమా!