గుంటలో దింపిన కంప్యూటర్

మార్కండేయులన్న కోడలు హైమ ఉందే, నోట్లో నాలుక లేని పిల్ల. అట్టాంటి పిల్ల ఒకరోజు అన్నం వడ్డిస్తా వడ్డిస్తా, "మావయ్యా, నాకు కంప్యూటర్ కావాలి" అందంట. ఎందుకడగదూ మరి? ఆయనేమో జన్మంతా మగ్గం నేసుకుంటా, చీరల డిజైన్లు గీసిన మనిషి. గళ్ళ కాయితం మీద రంగు పెన్సిల్తో ఒక్కో గడీ నింపుకుంటా పోతే, దాన్ని చూసి అట్టలకి బెజ్జాలు కొట్టేవోళ్ళు, ఆ అట్టలు మగ్గం మీద జాకార్డుకెక్కితే చీర మీద హంసలు దిగేయి. ఇప్పుడు ఆ కళ్ళు పోయినయ్. గడీకీ గడీకీ మధ్య గీత కనపడదు, అంతా ఒకటే మసక. షావుకారు చెప్పేశాడు, చేతి గీతలు చాలించండి, కంప్యూటర్లో గీసి ఇచ్చినోళ్ళకే పని అని. హైమ టౌనుకి పోయి ఆ విద్య నేర్చుకునే వచ్చింది. నేర్చుకుంటే ఏం లాభం, ఇంట్లో మిషన్ లేందే? రాట్నం కాసేపు ఆపవే తల్లీ, ఆ రొదలో అరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

అసలు సంగతేందంటే, ఆమె మొగుడు భావన్న సూరత్ మిల్లులో ఉండేవాడు. ఏడాదికొకసారి వచ్చేవాడు. ఆసారి వస్తే కూతురు తలుపెనక దాక్కుని, "అమ్మా, ఈ మావయ్య ఎప్పుడు పోతాడు?" అందంట. కన్నతండ్రిని పట్టుకుని మావయ్య! వాడు నవ్వాడనుకో, నవ్వి దొడ్లోకి పోయి మొహం కడుక్కొచ్చాడు. షావుకారు హైమకి ఒక పెళ్ళి చీర డిజైన్ అప్పజెప్పి, ఇది గనక పెళ్ళిళ్ళ రోజుల్లోపు చేసిస్తే ఏడాది పొడుగూతా మీ ఇంటికే పని, మీ ఆయన మీ మగ్గం మీదే నేసుకోవచ్చు, లేకపోతే నా దారి నేను చూసుకుంటా అన్నాడు. ఆ పని అయితే భావన్న ఇంట్లో ఉంటాడు, కాకపోతే రైలెక్కుతాడు. ఇంతే కత. మిగతాదంతా నా నోటి నెప్పి.

సరే, కొనటానికి పోవాలి. మన పేటలో సంగతి మీకు తెలిసిందే, మగ్గానికి అచ్చు కొన్నా జాకార్డు కొన్నా పెద్దమనుషులు నలుగురు పోయి చేత్తో తడిమి చూసి ఊఁ అంటేనే కొనటం. కంప్యూటర్ని మాత్రం వదుల్తారా? ఆటో నిండా ఎక్కి పోయారంట. కొట్టువాడు మర్యాదగా, "ఇంటికా అండీ, పనికా?" అని అడిగాడంట. వీళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మగ్గం నట్టింట్లో, మంచం మగ్గం పక్కన, పొయ్యి ఆ పక్కన. ఏది ఇల్లు, ఏది పని అని చెప్తారు? మా వీరాస్వామి బాబాయి "రెంటికీ" అన్నాడంట. కొట్టువాడికి విసుగొచ్చి వరసగా చూపించుకుంటా పోయాడు. ఒకటి అద్దమల్లే పల్చగా ఉందంట, కింద పెట్టే గిట్టే ఏం లేదు, సరుకంతా తెర వెనకే. ఇది ఇళ్ళకి బాగుంటది, పిల్లలు చదువుకోవచ్చు, సినిమాలు చూడొచ్చు, రైలు టిక్కెట్లు తీసుకోవచ్చు, కాకపోతే లోపల ఏదన్నా పోతే విప్పి మార్చటం కష్టం అన్నాడు. ఇంకోటి పచ్చడి జాడీ అంత ఉంది, చోటు తక్కువున్నోళ్ళకి, చిన్న చిన్న లెక్కలకి అన్నాడు. మూడోది నల్ల పెట్టె, బియ్యం డబ్బా అంత, తెర వేరే. లోపల ఫ్యాన్లు బుయ్యిమంటా తిరుగుతున్నయ్. ఇది పనోళ్ళది, పెద్ద పెద్ద డిజైన్లు పెట్టినా ఆగదు, రేపు పని పెరిగితే లోపల ఇంకా సామాను తగిలించుకోవచ్చు, ఏ ముక్క పోతే ఆ ముక్క మార్చుకోవచ్చు అన్నాడు.

మనోళ్ళు వినటమెక్కడ, చేతులేసి తడిమారు. పల్చందాని మీద చెయ్యేస్తే చల్లగా ఉందంట. నల్లదాని వెనక చెయ్యి పెడితే ఎండాకాలం గాడ్పు కొట్టినట్టు కొట్టిందంట. అంతే, వీరాస్వామి బాబాయి చెయ్యి వెనక్కి లాక్కుని, "వద్దు బాబో, ఇది ఇప్పుడే కాగిపోతంది, ఇంటికి తీసుకుపోతే నిలవదు" అన్నాడు. మిగతావోళ్ళు కూడా, అవునవును, ఈ వేడికి పోగు తట్టుకుంటదా అన్నారంట. కంప్యూటర్లో పోగెక్కడుందీ అనడిగే నాథుడు లేడు. మనకి పోగే లోకం, ఏం చేస్తాం. హైమ చిన్నగా, "నాకు ఆ నల్లదే కావాలి" అంది. ఎవరూ పట్టించుకోలా. భావన్న నేల చూస్తన్నాడు. అప్పుడు మార్కండేయులన్న లేచాడంట. "మగ్గంలో కూకునేది నువ్వా బాబాయ్? ఆ పిల్లా? కూకునేవోళ్ళకే తెలుసు ఏం కావాలో. ఆ నల్లదే కట్టవయ్యా" అన్నాడు. అంతమందిలో కోడలి మాట నిలబెట్టాడు. మన పేటలో అప్పటిదాకా ఏ మావా అట్టా చెయ్యలేదు. ఊరికే చెప్పట్లా నేను.

మిషన్ వచ్చింది, పసుపు రాశారు, బొట్టు పెట్టారు. హైమ పొద్దస్తమానం దాని ముందే. కాళ్ళు వాచిపోయినయ్యంట పాపం. భావన్న అన్నం వండేవాడు, పిల్లకి తల దువ్వేవాడు. ఆ పిల్ల మెల్లిమెల్లిగా వాడి ఒళ్ళోకి చేరింది. ఒకరోజు "నాన్నా, జడ గట్టిగా లాగొద్దు" అందంట. ఆ ఒక్క మాటకి వాడు పేటంతా చెప్పుకుని తిరిగాడు. నాకే రెండుసార్లు చెప్పాడు.

ఇక ఎండలు ముదిరినయ్. మార్కండేయులన్నకి ఆ పెట్టె మీదే బెంగ. చెయ్యి పెట్టి చూస్తాడు, కాలతంది. మళ్ళీ చూస్తాడు, ఇంకా కాలతంది. బయటకి అనడు గానీ, బాబాయి చెప్పింది నిజమౌతదేమో, అందర్నీ కాదని కొనిపించానే అని లోపల్లోపల కుమిలిపోతన్నాడు. ఏమైందంటే, ఒకరోజు హైమ మిషన్ ఆపేసి, పిల్లకి సూది వేయించటానికి ఆసుపత్రికి పోయింది. భావన్న కూడా ఏదో పని మీద బయటకి పోయాడు. ఈయన ఒక్కడే ఇంట్లో. ఎండాకాలం మనం ఏం చేస్తాం? పడుగు పోగులు తెగకుండా మగ్గం గుంటలో ఇసక పోసి నీళ్ళు చల్లుతాం, పైన గోనెపట్టా తడిపి కప్పుతాం. గుంట చల్లగా ఉంటే పోగు హాయిగా ఉంటది. ఈయన అదే చేశాడు. తను జన్మంతా కాళ్ళు పెట్టుకుని కూకున్న గుంటలో ఇసక పోసి, బిందెడు నీళ్ళు చల్లి, పెట్టెని పసిబిడ్డని దింపినట్టు దింపి, తడి గోనె కప్పాడు. ఇంట్లో అంతకన్నా మంచి చోటు ఆయనకి తెలీదు. నవ్వుతున్నారేందే? మీరైనా అదే చేసేవోళ్ళు. నేనైనా అదే చేసేదాన్ని.

హైమ వచ్చింది. ఈయన సంబరంగా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, "చూడమ్మా, ఎంత చల్లగా పడుకుందో" అన్నాడంట. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా, "మంచి పని చేశారు మావయ్యా" అంది. పైకి తీసింది, కొంగుతో తుడిచింది, ఎండలో ఆరబెట్టింది. మర్నాడు మీట నొక్కితే టప్పుమని శబ్దం, కమురు వాసన, అంతే. గీసిన డిజైన్ ఇంకో చోట కూడా దాచుకోలేదా అంటారు మీరు. మొత్తం అయ్యాక దాచుకుందాం అనుకుందంట. మొగుడూ పెళ్ళాం కొట్టుకి మోసుకుపోతే, లోపలికంతా నీళ్ళు పోయినయ్, డిజైన్ కూడా దక్కదు అన్నాడు కొట్టువాడు. ఇంటికొచ్చాక భావన్న, "నాన్నా, నువ్వు..." అని నోరు తెరిచాడంట, హైమ వాడి కాలు తొక్కింది. తొక్కి, "కరెంటు ఎక్కువ తక్కువైందంట మావయ్యా, దాంతో కాలిపోయింది. మన చేతిలో ఏముంది" అంది. మళ్ళీ గీయటానికి రోజుల్లేవు. షావుకారు పని ఇంకొకళ్ళకిచ్చాడు. భావన్న రైలెక్కాడు. పిల్ల స్టేషన్ దాకా పోయి నాన్నా నాన్నా అని ఒకటే ఏడుపు. ముందే బాగుండేది, మావయ్య అనుకున్నప్పుడు ఏడుపన్నా లేదు. హైమ అప్పట్నుంచి టౌనులో ఎవరి మిషన్ మీదో గీస్తంది, పొద్దున బస్సు, సాయంత్రం బస్సు.

మార్కండేయులన్న మాత్రం కనపడినోడికల్లా చెప్పేవాడు, "ఈ పాడు కరెంటు మా కొంప ముంచిందిరా" అని. పేటంతటికీ అసలు సంగతి తెలుసు. అయినా ఎవరూ నోరెత్తలా, అందరూ కలిసి కరెంటునే తిట్టారు. పోయిన కార్తీకంలో ఆయన మంచాన పడ్డాడు. జావ తీసుకుని నేను పోతే, ఇంట్లో ఎవరూ లేకుండా చూసి, "చెల్లే, లోపలికి నీళ్ళు పోయే చెడిందని నాకు ఆ రోజే తెలుసు" అన్నాడు. "పెట్టె తుడిచిన కొంగు పిండుకుందిగా ఆ పిల్ల, ఆ మాత్రం కనపడింది నాకు" అన్నాడు. "మరి ఇన్నాళ్ళూ కరెంటని చెప్పుకుని తిరిగావే అన్నా?" అన్నాను. "నేను చెప్పుకుని తిరక్కపోతే నాకు తెలిసిందని హైమకి తెలిసిపోదూ? మొగుడు దూరమాయె, మిషన్ పోయె. మావయ్యకి తెలీకుండా కాపాడాననే తృప్తి ఒక్కటే మిగిలింది దానికి. అది కూడా నేనే చెడగొట్టనా?" అన్నాడు. నాలుగు రోజులకి పోయాడు.

అదీ సంగతి. ఏ కంప్యూటర్ కొనాలో చెప్పవే అత్తా అని మీరడిగారు, నేనేమో ఇదంతా ఎత్తుకున్నాను. నాకేం తెలుసమ్మా అవన్నీ. హైమ బస్సు వచ్చే వేళయింది, లేవండి. ఆమె ముందు ఈ మాట ఎత్తారంటే మీ సంగతి చూస్తాను, ఆయనకి అంతా తెలుసని ఆమెకి ఇంకా తెలీదు. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే మోశాను, ఇక నా వల్ల కాదు. ఇప్పుడు మీరు కూడా మోయండి.