మూతపడ్డ కంపెనీ సీసా

జంగ్లీఘాట్‌ జాలరిపేటలో తాతబ్బాయి ఇల్లు. ముందుగదిలో అతను నడిపే బోటుకి యజమాని అయిన రిటైర్డ్ కెప్టెన్ రమణయ్యగారు గ్లాసులు తుడుచుకుంటూ కూర్చున్నారు. వంటింట్లో తన భార్య సాయిలక్ష్మి చేపలు తోముతుంటే, తాతబ్బాయి కెప్టెన్ గారు దాచమనిచ్చిన సీసా మూత తీసి వాసన చూశాడు.

“టీ వాసనొస్తందేటే?”

“టీయే మావా. పాలు పొయ్యలేదు, రంగు పాడైపోద్దని.”

“అరే! ఇందులో విస్కీ ఏదే?”

“మెల్లగా. ముందుగదిలోకి ఇనబడతాది.”

“ఏదే అంటంటే!”

“గంగమ్మకి పోసేసినాను.”

“మొత్తమా?”

“తల్లికి సగం పోసి సగం దాస్తారేటి?”

“సింగిల్ మాల్టే అది! ముప్పైయేళ్ళు పీపాలో ఉంది. ఆ కంపెనీయే మూసేసినారు, స్కాట్లాండంతా ఎతికినా మరి పుట్టదు. సీసా దాచినోడు బోటూ దాస్తాడు, నేను తిరిగొచ్చిన్నాడు బోటు నీకే అప్పజెప్తానన్నారు కెప్టెన్ గారు. అందుకే వచ్చినారు ఇయాళ!”

“తెలుసు. నేనూ ఇన్నాను.”

“తెలిసీ పోసినావా?”

“తుపాను రోజు మావా. నువ్వేమో వేటకెళ్ళినావు. ఫోను స్విచ్చాఫ్. షాపులన్నీ బంద్. ఇంట్లో మందంటూ ఉన్నది అదొక్కటే. జెట్టీ మీద నిలబడి, తల్లీ, మా ఆయన్ని ఒడ్డుకి చేర్చు అని ఒంపేసినాను. తెల్లారి వచ్చినావా లేదా?”

“వచ్చినాను...”

“తడిసి ముద్దై వచ్చినావు. కొబ్బరిచెట్టంత అల లేచిందన్నావు. పసుపునీళ్ళతో కాళ్ళు కడిగినాను.”

“ఆఁ... అవును.”

“మరి బాధెందుకు? పద, కెప్టెన్ గారికి అదే సెప్దాం. మనిషి కంటే సీసా ఎక్కువనరు ఆయన.”

“వద్దు!”

“ఏం?”

“అది వద్దే. ఇంకేటైనా సెప్దాం. పిల్లి పడేసిందని...”

“పడేసి, మళ్ళీ నిలబెట్టి, టీ పోసిందా పిల్లి?”

“తాతబ్బాయ్! ఐసు వద్దయ్యా, ఒట్టిదే పట్రా!”

“వస్తన్నాను సార్! సాయీ, నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“ఎందుకొద్దో సెప్పు.”

“ఆ రోజు పొద్దున్నే బోటు తియ్యొద్దని ఆయనే ఫోన్ చేసినారు. తియ్యనని ఒట్టేసినాను.”

“ఒట్టు తప్పి తీసినావా?”

“తియ్యలేదు.”

“తియ్యలేదా?”

“ఖాడీలో, పాయ లోపల కట్టేసినాను.”

“మరి నువ్వెక్కడున్నావు?”

“చౌల్దారీ ఊళ్ళో. జోగులింట్లో.”

“ఏం చేస్తన్నావు?”

“పేకాట.”

“మరి తడిసింది?”

“ఆటో దొరకలేదు.”

“కొబ్బరిచెట్టంత అల?”

“కొబ్బరిచెట్టు ఉంది సాయీ. అల లేదు.”

“తాతబ్బాయ్! ఇంకా ఎంతసేపయ్యా?”

“సాయీ, ఎక్కడికే? సాయీ! ఆగే!”

“కెప్టెన్ గారూ, మీ సీసా గంగమ్మకి పోసేసినాను. ఎందుకు పోసినానో మా ఆయన సెప్తాడు.”