ఆయన్ని కాసేపు బయటికి పంపు

కీమో ఎక్కించే గది. కిటికీ పక్క కుర్చీలో ఒకప్పటి రైల్వే అనౌన్సరు, పక్కన నర్సు.

"వెళ్ళారా?"

"వెళ్ళారమ్మా. పై అంతస్తు నుంచి దుప్పటి తెమ్మని పంపించా."

"పోయినసారి కూడా దుప్పటేగా?"

"కాదమ్మా, దిండు. దుప్పటి అంతకుముందు."

"జాగ్రత్త సిస్టరూ, అనుమానం వస్తుంది. మా ఆయన మరీ అంత అమాయకుడేం కాదు."

"అసలు పాపం, ఆయన్నెందుకు తరిమేస్తారు ప్రతిసారీ?"

"ఆ మొహం చూశావా? మందు నాకెక్కుతుంటే ఆయనకెక్కుతున్నట్టు పెడతారు. నేను కాస్త నవ్వానో, 'నొప్పి దాచుకుంటున్నావా' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. అందుకని ఆయన కోసం మూలగాలి. మూలిగీ మూలిగీ విసుగొచ్చింది."

"సరే, సరే. గదిలో పేషెంట్లందరూ ఎదురుచూస్తున్నారు, మొదలుపెట్టండి."

"ఏంటి మొదలుపెట్టేది?"

"అబ్బ, బతిమాలించుకోకండి."

"టింగ్ టాంగ్! ప్రయాణికులకు గమనిక. పెద్ద డాక్టరుగారు నిర్ణీత సమయం కంటే గంట ఆలస్యంగా నడుస్తున్నారు. మీకు కలిగిన అసౌకర్యానికి ఆయనేం చింతించడం లేదు!"

"మెల్లిగా అమ్మా! ఆ పక్క కుర్చీ ఆయన నవ్వలేక దగ్గుతున్నాడు."

"దగ్గనీ. ఒట్టు సిస్టరూ, ఇంట్లో రోగిని, ఇక్కడికొస్తేనే మనిషిని. కానీ ఆయన్ని తలుచుకుంటేనే... పాపం, మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లన్నీ ఎక్కి..."

"మెట్లెక్కడెక్కుతారమ్మా, క్యాంటీన్లో కూర్చుంటేనూ!"

"క్యాంటీనా?"

"అయ్యో. నోరు జారాను."

"జారింది ఎలాగూ జారింది, మిగతాది కూడా చెప్పు."

"మీకంటే ముందు ఆయనే అడిగారమ్మా. 'మా ఆవిడ ముందు నవ్వలేకపోతున్నాను, ఏమనుకుంటుందో. ఏదో ఒక పని చెప్పి పంపమ్మా' అని. కింద మిగతా పేషెంట్ల మొగుళ్ళందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఒకటే నవ్వించడం."

"నవ్వించడమా? ఎవరూ, మా ఆయనే?"

"ష్! వస్తున్నారు."

"దుప్పటి దొరకలేదే. ఎలా ఉంది? నొప్పిగా ఉందా?"

"క్యాంటీన్లో ఏం చెప్పి నవ్విస్తున్నారండీ?"

"క్యాం... సిస్టరూ!"

"నావైపు చూడకండి సార్."

"అబ్బే, ఏం లేదే."

"చెప్పండి."

"అదే... నువ్వు స్కూటరు నేర్చుకున్న రోజు. తిన్నగా మంగలి షాపులోకి దూరిపోతే, లోపలున్నాయన సగం మీసంతో రోడ్డు మీదికి పరిగెత్తాడు చూడూ..."

"ఆ కథా!"

"వద్దులే. మొత్తం చెబితే కొడతావు."

"చెయ్యెక్కడ ఖాళీగా ఉందండీ కొట్టడానికి? కాస్త గట్టిగా చెప్పండి, ఆ చివర కుర్చీ దాకా వినపడాలి."