అయిదో ముక్క

నూకరాజని ఒకడుండేవోడంట, పేక పట్టాడంటే ఆణ్ణి మించినోడు ఆ చుట్టుపక్కల లేడనుకో. ముసురు పట్టి పనులాగిపోతే మగాళ్ళందరూ బులివీర్రాజు ఇటికల బట్టీ పాకలో చేరి అయిదు ముక్కలాట ఆడేవోరంట. ఎలాగంటే, తలా నాలుగు ముక్కలు పంచుతారు, పందేలయ్యాక అయిదోది కట్టలోంచి తియ్యాల. అయిదూ ఆఠీన్లో, అయిదూ ఇస్పేట్లో అయితే ఆట. అవతలోడు పెంచిన పందేనికి సరిపడా పెట్టలేకపోతే పెట్టింది వొదులుకుని ముక్కలు పారేసి లేచిపోవాల. ఈ నూకరాజేం చేసేవోడంటే, అయిదో ముక్క రాకుండానే వచ్చేసినట్టు మొకం పెట్టి పందెం పెంచేసేవోడు. అవతలోడు జడిసి పారేశాడా, సరే. పారెయ్యలేదా, ఆ ముక్క రేపో మాపో కాదు, ఇప్పుడే రావచ్చుగా! ఎటు తిరిగినా మనదే అనేవోడంట. ఆయ్, తెలివంటే తెలివే, కాదన్లేదు.

ఏవైందంటే, ఓ రోజు నూకరాజుకి నాలుగూ ఆఠీన్లే పడ్డాయి. ఇంకొక్కటి రావాల. ఎప్పట్లాగే పెంచాడు. వీర్రాజు ఆ పూట జడవలేదే! ఆడూ పెంచాడు. ఈడికి రోషవొచ్చి, మా గేదె పెడతాన్రా అన్నాడంట. గేదె ఈడిదా? ఈడి పెళ్ళాం అచ్చియ్యమ్మది. పుట్టింటోళ్ళు అరణం ఇచ్చారు, దాని పాల మీదే ఆ కొంప నడిచేది. వీర్రాజు, అయితే నా ఎడ్లూ బండీ అన్నాడు. ఈ మాట ఎవరు మోశారో గానీ, అచ్చియ్యమ్మ తడిసిపోయి పాకలోకొచ్చి నిలబడింది. గోలెడద్దేవో అనుకున్నారంతా. అబ్బే! ఆ పాకలో ఓ కట్టుబాటుంది, ఒకరి సొత్తు ఇంకోడు ఒడ్డితే ఆ సొత్తుగలోళ్ళు ఆటలో కూచోవచ్చు. మగాళ్ళ కోసం పెట్టుకున్నది లెండి, ఆడది వచ్చి కూచుంటదని ఎవడనుకున్నాడు? నా గేదె కదా, నాకూ పంచండి అంది. నవ్వుకుంటా పంచారు.

ముక్కలు ఎత్తి చూడనుకూడా లేదంట. మెళ్ళో చెయ్యెట్టి తాళి తీసి చాప మీద పెట్టింది. పందెం పెంచాను, సరిపడా పెట్టండి అంది. ఒరే, నాకిప్పుడు చెప్తంటేనే ఒళ్ళు జలదరిస్తంది, చూసినోళ్ళకి ఎలాగుండాల? వీర్రాజు, అమ్మా నీకో దణ్ణం, ఇది నావల్ల కాదని ముక్కలు పారేశాడు. నూకరాజు, ఒసే, నీకేవైనా పిచ్చా, దానికి సరిపడా నా దగ్గరేవుందే అన్నాడంట. ఉందిగా మావా, నువ్వే ఉన్నావు, నిన్ను పెట్టు. ఓడిపోతే ఇంటి గుమ్మం ఎక్కకు. గెల్చావా, ఆ తాళి నీదే, పట్టుకుపో. అప్పుడూ నువ్వు నాకేం కావు. ఊ, తియ్యి అయిదో ముక్క, అంది.

తీస్తాడా? ఏం చూసుకుని తీస్తాడు? చెయ్యి కట్ట దాకా ఎల్లి ఎనక్కొచ్చేసింది. నాలుగు ఆఠీన్లూ చాప మీద పారేసి తల వొంచుకున్నాడు. అచ్చియ్యమ్మ లేచి, గేదె నాది, బండీ ఎడ్లూ నావి అని, తాళి తీసి కొంగున ముడేసుకుంది. మెళ్ళో ఏసుకోవే, నలుగురూ చూస్తన్నారు అన్నాడంట ఈడు. ఇన్నాళ్ళూ నువ్వు కట్టింది, ఇప్పుడు నేను గెల్చుకున్నది. ఏసుకుంటానో లేదో నేను చూసుకుంటాలే, అని బండి తోలుకుని ఎల్లిపోయింది. ఏసుకుందా అని నన్నడక్కండి, ఆ ఊళ్ళో ఒకరు ఏసుకుందంటారు, ఒకరు లేదంటారు.

ఆవిడొదిలేసిన ముక్కలు తిరగేసి చూస్తే తలో దారి, ఒకదానికొకటి పొత్తు లేదు. ఎవడో పనిలేనోడు కట్ట మీద పైముక్క కూడా తిప్పాడంట. ఆఠీన్ రాణి. అది చూసి నూకరాజు బావురుమన్నాడు. ముక్క రాలేదని ఏడ్చినోళ్ళని చాలామందిని చూశాను గానీ నాయనా, వచ్చిందని ఏడ్చినోడు ఆడొక్కడే.