చోడవరం నుంచి ధ్రువం దాకా: డాక్టర్ ఆడారి చిన్నతల్లి గారికి ఆగ్రహపూర్వక అభినందన

1992వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీ సోమవారం ఉదయం డాక్టర్ ఆడారి చిన్నతల్లి గారు చోడవరంలోని మన ఉష్ణమండల వాతావరణ పరిశోధన కేంద్రంలో కనిష్ఠ శాస్త్రవేత్తగా విధుల్లో చేరారు. బుచ్చయ్యపేట మండలంలోని ఒక చెరకు రైతు కుటుంబంలో జన్మించి, విశాఖపట్నంలో వాతావరణ శాస్త్రంలో డాక్టరేటు పట్టా సాధించి, సొంత ప్రాంతానికే ఉద్యోగినిగా తిరిగివచ్చిన ఆమెకు ఆ రోజు దక్కిన మొదటి పలుకు స్వాగత వచనం కాదు. "చిన్నతల్లి అనే పేరుతో శాస్త్రవేత్త ఏమిటమ్మా, మార్చుకోకపోయావా?" అన్నారు అప్పటి అధికారి. "మా నాయనమ్మ పేరండి. మార్చే అధికారం నాకు లేదు," అని ఆమె సంతకం చేసి తన బల్ల దగ్గరకు వెళ్ళిపోయారు. సాంకేతిక సహాయకుడిగా అప్పటికే ఇక్కడ పనిచేస్తున్న నేను, వజీర్, ఆ గదిలోనే ఉన్నాను.

ఆమె పదవీ విరమణ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచిక సంపాదకవర్గం వారు నన్ను నాలుగు మంచి మాటలు రాయమని ఆదేశించారు. ఆమె గురించి మంచి మాటలకు నా దగ్గర కొదవ లేదు. కానీ ఆమె పట్ల ఈ సంస్థ ప్రవర్తించిన తీరును శాలువా కింద దాచి రాయడం నాకు చేతకాదు. ఆమె కుటుంబ సభ్యులు ఈ పుటలు చదువుతారు. వారి ముందు నేను అబద్ధమాడలేను.

తొలి ఏళ్ళలో చిన్నతల్లి గారు బెలూన్ల విభాగంలో పనిచేస్తూ, పై గాలుల తీరును పరిశీలిస్తూ, ఇతరులకు తట్టని ఒక ప్రశ్న వెంట పడ్డారు. ఉష్ణమండల సముద్రాల వేడి చివరికి ఎక్కడికి చేరుతుంది? పశ్చిమ పసిఫిక్ జలాలు అతిగా కాగిన కాలంలో వాటి మీద దట్టంగా లేచిన మేఘాలు విడిచే వేడి పై గాలిలో పెద్ద అలలను పుట్టిస్తుందనీ, ఆ అలలు వేల మైళ్ళు సాగి దక్షిణ ధ్రువ ఖండపు పడమటి అంచున గాలుల దిశను మారుస్తాయనీ, ఆ గాలులు మోసుకొచ్చే వెచ్చదనం సముద్రం మీది మంచును తరిమేస్తుందనీ ఆమె క్రమంగా నిర్ధారణకు వచ్చారు. ధ్రువాల మంచు కథ ధ్రువాల దగ్గరే మొదలవదన్నది ఆమె సిద్ధాంతం.

1998లో ప్రధాన కార్యాలయపు సమీక్షా సభలో ఆమె ఈ పరిశోధనకు అనుమతి కోరారు. అధ్యక్షస్థానంలోని పెద్దమనిషి చివరిదాకా వినలేదు. "చెరకు తోటల మధ్య కూర్చుని పెంగ్విన్ల గురించి కలలు కంటున్నారా? మీ రైతులకు పనికొచ్చే వర్షసూచనలు చూసుకోండి," అన్నారు. సభ నవ్వింది. ఆనాడు నవ్వినవారిలో కొందరు పింఛను పుచ్చుకుంటూ ఈ సంచికను తిరగేస్తూ ఉండవచ్చు. నాకు వారి ముఖాలు గుర్తున్నాయి. అనుమతి రాలేదు. ఆమె వర్షసూచనలు లోపం లేకుండా రాస్తూనే, ఆదివారాలు కార్యాలయానికి వచ్చి తన పని తాను చేసుకున్నారు.

రైతులను సాకుగా చూపి ఆమె నోరు మూయించిన వారు ఏనాడూ రైతులతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడారు. గోవాడలో జరిగిన ఒక రైతుసభలో కె.కోటపాడు వైపు నుంచి వచ్చిన అచ్చియ్యమ్మ అనే పెద్దావిడ లేచి, "అమ్మా, అక్కడెక్కడో మంచు కరిగితే మాకేటి? నువ్వు సెప్పింది ఒక్క ముక్కా బోధపడనేదు," అంది. చిన్నతల్లి గారు మైకు వదిలి కిందికి దిగి ఆవిడ పక్కన కూర్చున్నారు.

"బెల్లం వండుతావా అప్పా?"

"వండకేటి."

"పొయ్యి మంట పెనానికి ఒక పక్కే ఎక్కువ తగులుతాది గదా. మరి రెండో పక్క రసం ఎందుకు పొంగుతాది?"

"మరిగిన రసం ఒక్క సోట ఉంటాదేటి, తిరుగుతాది గదా."

"గాలీ అంతే. మన పక్క సముద్రం కాగితే ఆ వేడి గాల్లోకెక్కి తిరిగి తిరిగి మంచు కాడికెల్తాది. అక్కడ నేల మీది మంచు కూడా కరిగితే సముద్రం పెరిగి మళ్ళీ మన ఒడ్డు మీదకే వస్తాది."

అచ్చియ్యమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచి, "ముందే ఇలాగ సెప్పొచ్చు గదే గుంటా, గంట నుంచి సంపేసేవు," అంది. సభలో అందరికంటే గట్టిగా నవ్వింది చిన్నతల్లి గారే.

ఇక 2008 సంవత్సరం. దక్షిణ ధ్రువ యాత్రకు ఆమె ఎంపికయ్యారు. వైద్య పరీక్షలు నెగ్గారు. హిమాలయాల్లో మంచు శిక్షణ పూర్తిచేశారు. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారైన భర్త సత్యారావు గారు, "పిల్లనీ ఇంటినీ నేను సూసుకుంటాను, నువ్వు నిశ్చింతగా వెళ్ళు," అన్నారు. ప్రయాణం దగ్గరపడ్డాక ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. నలభై దాటిన స్త్రీ, కుటుంబ బాధ్యతలు ఉన్నాయి కనుక పేరు తొలగించామన్నారు. "నా కుటుంబాన్ని అడిగేరా?" అన్నారామె. అవతలి వైపు ఫోను పెట్టేశారు. ఆమె స్థానంలో వెళ్ళినది, గాలి వేగం కొలిచే పరికరాన్ని ఏనాడూ చేత్తో పట్టని ఒక అధికారి.

ఆయన తిరిగివచ్చాక కొలతలన్నీ మూటగట్టుకుని చోడవరం వచ్చారు. తన పేరిట నివేదిక రాసిపెట్టమన్నారు. అది ఆమెకు గౌరవమని కూడా అన్నారు. చిన్నతల్లి గారు కుర్చీలోంచి లేవలేదు. "మీరు వెళ్ళేరు. మీరు చూసేరు. మీరే రాయండి," అన్నారు. ఆ సమాధానానికి ప్రతిఫలంగా ఆమె పదోన్నతి ఏళ్ళ తరబడి ఆగింది. ఆమె బల్ల పాత పరికరాల గదిలోకి మారింది. మేమందరం చూస్తుండగానే ఇదంతా జరిగింది.

తరువాతి సంవత్సరాల్లో విదేశీ శాస్త్రజ్ఞులు ఇదే దిశలో పరిశోధనలు ప్రకటించగానే మన ప్రధాన కార్యాలయానికి హఠాత్తుగా జ్ఞానోదయమైంది. ఉష్ణమండలానికీ ధ్రువాలకూ గల సంబంధం మీద ఒక బృహత్ పథకం ప్రారంభమైంది. దానికి సారథి ఎవరో చెప్పాలా? ఆ యాత్రకు వెళ్ళివచ్చిన అధికారే. యువ పరిశోధకులకు శిక్షణ ఇచ్చే భారాన్ని మాత్రం చిన్నతల్లి గారి మీద పెట్టారు. ఆమె తన ఆదివారాల శ్రమనంతా ఏమీ దాచుకోకుండా వారికి ధారపోశారు. నేను ఉండబట్టలేక, "మీకు కోపం రాదా మేడమ్?" అని అడిగాను.

"రాకేం వజీర్ గారూ, రోజూ వస్తుంది. కానీ ఈ పిల్లలేం చేశారు? వీళ్ళకి నేర్పకపోతే ఆ పని నాతోనే పోతుంది. అప్పుడు గెలిచింది వాళ్ళే అవుతారు," అన్నారు.

ఆ పిల్లల్లో అగ్రగణ్యురాలు ప్రవల్లిక. నిరుడు ఆమె దక్షిణ ధ్రువ యాత్రకు ఎంపికై, ఆ తరువాత అదే తీరున, ఈసారి కొత్తగా పెళ్ళయిందన్న కారణంతో, తొలగింపునకు గురైంది. ఆ సంగతి తెలిసిన మర్నాడే చిన్నతల్లి గారు ప్రధాన కార్యాలయానికి బయలుదేరారు. తోడుగా నేను వెళ్ళాను. నిండు సమావేశంలో ఆమె నిలబడి, "ప్రవల్లికను ఎందుకు తీసేశారో అందరూ వినేలా చెప్పండి. చెప్పేదాకా నేను కూర్చోను, మిమ్మల్ని ముందుకు సాగనివ్వను," అన్నారు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే ఆ మనిషి బల్ల అంచు పట్టుకుని అలాగే నిలుచున్నారు. అధ్యక్షస్థానంలో ఉన్నవారు కారణం దాటవేసి తరువాతి అంశం ఎత్తుకోబోయారు. పైకి చెప్పదగిన కారణం ఉంటే కదా. ముందుగా ఒక యువ శాస్త్రవేత్త ఆమెకు తోడుగా లేచాడు. ఆ వెనుక మరి కొందరు లేచారు. సాయంత్రానికి ప్రవల్లిక పేరు తిరిగి చేరింది. నేను ఈ వ్యాసం రాస్తున్న వేళకు ఆ అమ్మాయి మంచు ఖండం మీద పనిచేస్తోంది.

ఈ జనవరి నెలాఖరున డాక్టర్ చిన్నతల్లి గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె స్థానాన్ని భర్తీ చేయబోమని ప్రధాన కార్యాలయం ఇప్పటికే సెలవిచ్చింది. వారు పంపిన సందేశంలో ఆమె "స్థానిక వర్షసూచనలకు చేసిన సేవ" మాత్రమే ప్రస్తుతించారు. ఈ కేంద్రపు ఉద్యోగులమందరం ఆ సందేశాన్ని వీడ్కోలు సభలో చదవకూడదని నిశ్చయించుకున్నాం. దానికి బదులు ఆమె చేత ప్రసంగం చేయిస్తాం, చివరిదాకా వింటాం.

డాక్టర్ చిన్నతల్లి గారి మోకాళ్ళు నెమ్మదించాలనీ, సత్యారావు గారితో, కుమార్తెతో ఆమె నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా జీవించాలనీ, ఇక మీదట ఆదివారాలు ఆమెకే మిగలాలనీ మనసారా కోరుకుంటున్నాను. ఆమెను చూసి నవ్విన వారికీ, ఆమె పేరు కొట్టివేసిన వారికీ కూడా దీర్ఘాయువునే ప్రార్థిస్తున్నాను. ఆమె పరిశోధన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కే రోజు వస్తుంది. ఆ పాఠాన్ని వారు తమ మనవలకు తామే చదివి చెప్పాలి.